పెళ్లి వేదిక మీద మైకు ఎంతసేపు?

సంపాదకులకు,

అయ్యా,

పెళ్లికి ఎన్ని విస్తళ్లు లేస్తాయో లెక్క ఉంటుంది. ఎన్ని కుర్చీలు వేయించాలో, ఎన్ని మూరల పూలు కట్టించాలో, జీలకర్ర బెల్లం ఏ నిమిషాన పెట్టాలో అన్నిటికీ లెక్క ఉంటుంది. రిసెప్షన్ వేదిక మీద ఎవరెంతసేపు మాట్లాడాలన్న దానికి మాత్రం ఉండదు. "మీరు కూడా నాలుగు మాటలు చెప్పాలండీ" అని పిలుస్తారు. ఆ నాలుగు మాటలు ఒకరికి నాలుగు వాక్యాలు, ఇంకొకరికి నలభై నిమిషాలు. పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి కాబట్టి, ఈ వేదికలు నడిపేవాళ్లుగా మాకు తెలిసిన లెక్కలు మీ పాఠకుల ముందు పెడదామని ఈ ఉత్తరం రాస్తున్నాం.

లెక్క ముందే చెప్పేస్తాం. మామూలు రిసెప్షన్‌లో మాట్లాడేవాళ్లు ముగ్గురు, మనిషికి మూడు నిమిషాలు. ఇది ఎవరి ఇష్టాయిష్టాల మీదో పెట్టిన అంకె కాదు. సాయంత్రం మొత్తాన్ని చివరి నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ వస్తే ప్రసంగాలకు మిగిలేది అంతే.

ఎలాగంటే, కార్డులో ఏడు గంటలకని వేస్తారు. వధూవరులు ముస్తాబై వేదిక ఎక్కేసరికి ఏడున్నర. ఆరుబయట లాన్ అయితే రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ మోగకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. నాలుగు గోడల మధ్య ఉన్న హాళ్లకు మినహాయింపు ఉన్నా, వచ్చినవాళ్లలో పిల్లలూ ముసలివాళ్లూ ఎలాగూ పదికి మించి ఆగరు. అంటే చేతిలో ఉన్నవి 150 నిమిషాలు. వేదిక మెట్లెక్కి, అక్షతలు వేసి, కవరు చేతిలో పెట్టి, ఫొటోకు నిలబడి, అటువైపు దిగిపోవడానికి ఒక్కో కుటుంబానికి 25 సెకన్లు పడుతుంది. ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి సార్, ఇంకొక్కటి" అంటే అది 35 అవుతుంది. 25 సెకన్ల చొప్పునే 300 కుటుంబాలకు లెక్కవేసినా 125 నిమిషాలు. ఇక మిగిలింది పాతిక. అందులో దండలు మార్పించడం, కేకు కోయించడం, చెల్లెళ్ల డాన్సు కలిపి ఓ పది పోతాయి. ప్రసంగాలకు దక్కేది పదిహేను.

ఇక్కడే అందరూ మరిచిపోయే ఖర్చు ఒకటుంది. మూడు నిమిషాల ప్రసంగం వేదిక మీద ఐదు నిమిషాలు తింటుంది. పేరు పిలవాలి; ఆయన ఎక్కడో ఆరో వరసలో ఉంటారు, లేచి రావాలి; వ్యాఖ్యాత పరిచయం చేయాలి; మైకు చేతులు మారాలి; మాట్లాడాక శాలువా కప్పి ఫొటో తీయాలి. ఈ సరంజామా అంతటికీ రెండు నిమిషాలు. పదిహేనుని ఐదుతో భాగిస్తే మూడు. అందుకే ముగ్గురు. నలుగురు కావాలంటే శాలువాలు మానేయండి, మాట్లాడేవాళ్లను ముందే వేదిక పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టండి. ఒక మనిషికి చోటు దొరుకుతుంది. ఆరుగురు కావాలంటే మాత్రం పెళ్లికి పిలిచే జనాన్ని తగ్గించుకోవాలి, వేరే మార్గం లేదు.

మూడు నిమిషాలు ఇచ్చిన పెద్దమనిషి పన్నెండు నిమిషాలు తీసుకుంటే ఏమవుతుంది? అదనపు తొమ్మిది నిమిషాల్లో ఇరవై ఒక్క కుటుంబాలు వేదిక ఎక్కి దిగేవి. అవన్నీ చేతిలో కవర్లతో మెట్ల కింద నిలబడిపోతాయి. వాటి వెనక మళ్లీ జనం. కాళ్లు లాగినవాళ్లు వరస వదిలేసి "ముందు భోంచేసి వద్దాం" అంటూ ఒక్కసారిగా డైనింగు వైపు మళ్లుతారు. కేటరింగువాళ్లు రెండు గంటల మీద సర్దుకున్న జనం అరగంటలో కౌంటర్ల మీద పడతారు. వేడిగా వేస్తున్న దోసెలు, పుల్కాల దగ్గర తోపులాట మొదలవుతుంది. బంతి భోజనాలైతే ఇంకా కష్టం. ఒక బంతి లేవడానికి అరగంట పైనే పడుతుంది. రెండు బంతుల జనం ఒకేసారి వస్తే తినేవాళ్ల కుర్చీల వెనకే నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూస్తుంటారు. పెరుగు కలుపుకుంటున్న మనిషి వీపు మీద ఇంకొకరి చూపు ఉంటే ఆ ముద్ద దిగదు. పెళ్లివారు వంటవాళ్లను తిడతారు. తప్పు మైకుది.

ప్రసంగాలు ఎప్పుడు పెట్టాలన్నది కూడా ఎంతసేపు అన్నదానితో ముడిపడినదే. వరస సగంలో ఉండగా ఆపి మాట్లాడించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వధూవరులు వేదిక ఎక్కి కూర్చున్న వెంటనే, వరస మొదలు కాకముందే ప్రసంగాలు కానిచ్చేయడం ఉత్తమం. "అప్పటికి జనం రారు కదా" అంటారు. నిజమే, ఊరి జనం రారు. కానీ వినాలని ఉన్నవాళ్లు, అంటే ఇంటివాళ్లు, మేనత్తలు, మేనమామలు, కాలేజీ స్నేహితులు అప్పటికే అక్కడ ఉంటారు. మీ అమ్మాయి ఐదో తరగతిలో ఏం చేసిందో బ్యాంకు మేనేజరుగారు వినకపోయినా నష్టం లేదు. రెండో మార్గం, తొమ్మిదింబావుకు వరస పలచబడ్డాక. అప్పుడు చుట్టూ సొంతవాళ్లే ఉంటారు గానీ పెళ్లికూతురు అప్పటికి గంటన్నరగా బరువు చీరతో నిలబడి ఉంటుంది. అప్పుడు పెడితే ప్రతి ప్రసంగం రెండు నిమిషాలకు దిగాలి. ముహూర్తం వేళ మాత్రం ప్రసంగం వద్దే వద్దు; ఆ మైకు పురోహితులది, ఆ శబ్దం గట్టిమేళానిది.

మూడు నిమిషాలంటే ఎన్ని మాటలు? చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇంటర్నెట్‌లో వెతికితే ఇంగ్లిషు లెక్క దొరుకుతుంది: నిమిషానికి 130 నుంచి 150 పదాలు, కాబట్టి మూడు నిమిషాలకు 400 పైచిలుకు. ఆ లెక్కన తెలుగులో రాసుకుంటే ప్రసంగం నాలుగు నిమిషాలు దాటి ఐదు దగ్గరికి పోతుంది. మన మాటలకు విభక్తులూ క్రియల తోకలూ అంటుకుని ఉంటాయి కాబట్టి ఒక్కో మాట పొడుగు. మైకు ముందు నిదానంగా, అందరికీ అర్థమయ్యేలా పలికితే తెలుగులో నిమిషానికి 80 నుంచి 100 మాటలు. అలాగని మూడు నిమిషాలకు 270 మాటలు రాసుకోకండి. హాల్లో నవ్వులకు ఆగాలి, చప్పట్లకు ఆగాలి, గొంతు పూడుకుపోతే ఆగాలి. రెండున్నర నిమిషాలకు సరిపడా రాసుకోండి: 220 మాటలు. కాస్త పెద్ద అక్షరాల్లో ఏ4 కాగితానికి ఒక వైపు సరిపోతుంది. రెండో వైపు తిప్పారంటే ఎక్కువ రాశారన్నమాట.

ఫోన్‌లో చూసి చదవడం కంటే కాగితమే నయం. ఫోన్ వెలుగు మొహం మీద పడి ఫొటోలు పాడవుతాయి. మాట్లాడుతుండగా కాల్ వస్తుంది. వేలు తగిలి పేజీ ఎక్కడికో జారుతుంది. ఏమీ లేకుండా, గుర్తున్నది చెబుతాననేవాళ్లు అందరికంటే ఎక్కువసేపు మాట్లాడతారు. వాళ్లకు మొదలు తెలుసు, చివర తెలియదు. ఎక్కడ దిగాలో తెలియక "చివరిగా ఒక్క మాట" అని మూడుసార్లు అంటారు. మిగతాదంతా నోటికి వచ్చినట్టు చెప్పినా ఫర్వాలేదు, ఆఖరి రెండు వాక్యాలు మాత్రం రాసి, కంఠతా పట్టి రావాలి.

కొలత మనకు కొత్త అనుకోవద్దు. పెళ్లికి పంచరత్నాలు రాసి, అచ్చు వేయించి, చదివి పంచిపెట్టే అలవాటు మనకు ఉండేది; కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఐదు పద్యాలు, అంతే. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పద్యానికి 80, ఐదు పద్యాలకు 400. వచనంలా చదివేస్తే రెండు నిమిషాలు పట్టదు. రాగం తీసి, తాత్పర్యం రెండు ముక్కల్లో చెబితే ఐదు నిమిషాలు. వధువు పేరు, వరుడి పేరు, రెండు వంశాలు, ఊరు, దీవెన, అన్నీ ఆ 400 అక్షరాల్లోకి రావాలి. ఛందస్సు కవి నోటికి వేసే తాళం. సీస పద్యం ఎత్తుకుంటే మాత్రం జాగ్రత్త: నాలుగు పెద్ద పాదాలు, ఆపైన గీతం, ఒక్కటే నిమిషన్నర తీసుకుంటుంది. రాలేకపోయినవాళ్లు గ్రీటింగ్ టెలిగ్రాం కొట్టేవారు. ముందే అచ్చయి ఉన్న వాక్యాల్లో ఒకదాని అంకె ఫారం మీద వేస్తే ఆ వాక్యమే వెళ్లేది. 2013 జులైలో టెలిగ్రాం సేవ మూతపడేదాకా ఆ ఒక్క వాక్యంతోనే అందరి గౌరవమూ నిలబడింది.

ఇక 220 మాటల్లో ఏం పెట్టాలి? ముందు తీసేయాల్సింది చెబుతాం. సంబోధన. "వేదికను అలంకరించిన పెద్దలు గౌరవనీయులు" అని మొదలుపెట్టి పన్నెండు పేర్లూ పదవులూ చదివితే నిమిషం పోయింది. పదమూడో ఆయన అలిగాడు కూడా. "అందరికీ నమస్కారం" చాలు; ఇది పెళ్లి, సర్వసభ్య సమావేశం కాదు. తర్వాత మీరెవరో ఒక్క వాక్యం: "నేను పెళ్లికూతురి చిన్న మేనమామని." వ్యాఖ్యాత చెప్పినా సరే మళ్లీ చెప్పాలి, ఎందుకంటే అవతలి పెళ్లివారిలో సగంమంది మిమ్మల్ని ఎరగరు. ఇదంతా పాతిక సెకన్లలో అయిపోవాలి.

తర్వాత నిమిషంన్నర ఒకే ఒక్క సంగతికి. గుణగణాల చిట్టా వద్దు. "మా అక్క చాలా మంచిది, కష్టపడే తత్వం, అందరినీ కలుపుకుపోతుంది" అంటే ఆ మాటలు ఏ అక్కకైనా అతుకుతాయి, ఎవరి చెవికీ ఎక్కవు. "రేపు రికార్డు ఇవ్వాల్సి ఉండగా కరెంటు పోతే, నా బోటనీ బొమ్మలన్నీ కొవ్వొత్తి వెలుగులో అక్కే గీసింది, లెక్చరరు నేను చెప్పకముందే ఆ బొమ్మలు ఎవరివో కనిపెట్టాడు" అంటే హాలు నవ్వుతుంది, అక్క ఎలాంటిదో అర్థమవుతుంది. ఈ సంగతికి మూడు అర్హతలు ఉండాలి. ఇద్దరు ముగ్గురు మనుషులకు మించి అందులో ఉండకూడదు. వెనక కథ చెప్పకుండానే అర్థం కావాలి. "దీనికి ముందు ఏం జరిగిందంటే" అన్నారంటే ఆ సంగతి పెళ్లికి పనికిరాదు. మూడోది, అది విన్న అత్తగారు తల దించుకునేలా ఉండకూడదు.

అక్కడి నుంచి అరనిమిషంలో అవతలి మనిషి వైపు రావాలి. ఇదే ఎక్కువమంది వదిలేసే భాగం. పెళ్లికూతురి తరఫువాళ్లు మూడు నిమిషాలూ పెళ్లికూతురి గురించే చెబితే పక్కన పెళ్లికొడుకు బొమ్మలా నిలబడి ఉంటాడు. బావగారి గురించి మీకు తెలిసింది కొంచెమే అయినా ఫర్వాలేదు, ఆ కొంచెమే చెప్పండి: మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడాడు, ఏం అడిగాడు. ఒక్క వాక్యమైనా ఆయన పేరుతో ఉండాలి. వియ్యాలవారి ఇంటిపేరు ముందే కనుక్కుని సరిగ్గా పలకండి. అది తప్పితే మీ ప్రసంగంలో మిగతాదేదీ వాళ్లకు గుర్తుండదు. చివర పది సెకన్లు దీవెన, లేదా వయసులో చిన్నవాళ్లైతే శుభాకాంక్ష. అంతటితో మైకు కిందికి దిగాలి.

తండ్రికి ఒక వెసులుబాటు ఉంది: ఐదు నిమిషాల దాకా తీసుకోవచ్చు, అప్పుడు మాట్లాడేవాళ్లు ముగ్గురికి బదులు ఇద్దరు. కన్నీళ్లు వస్తాయని భయపడనక్కర్లేదు. గొంతు పట్టేస్తే ఆగి, రెండు గుటకలు నీళ్లు తాగి మొదలుపెడితే ఇరవై సెకన్లు పడుతుంది. హాలు ఓపిక పడుతుంది. ఆగకుండా ఏడుస్తూ మాట్లాడితే మాటలు అర్థం కావు, ఆపడం ఎవరి తరమూ కాదు. నీళ్ల గ్లాసు మూత తీసి వేదిక పక్కన ముందే పెట్టించండి. ఆ సమయంలో సీసా మూత తిప్పడానికి చేతులు రావు.

చెప్పకూడనివి చెబితే మూడు నిమిషాలు కూడా ఎక్కువే. అబ్బాయి ప్యాకేజీ, వీసా, అమ్మాయికి వచ్చిన ర్యాంకు. ఇది పెళ్లిచూపుల్లోనే అయిపోయింది. వద్దనుకున్న సంబంధాల సంఖ్య. పెళ్లికి అయిన ఖర్చు. "మా అమ్మాయికి టీ పెట్టడం కూడా రాదు" అన్న ముద్దు మాట. అది పదేళ్ల దాకా ఆ ఇంట్లో వినిపిస్తుంది. స్నేహితుల ప్రసంగాల్లో పాత ప్రేమల ప్రస్తావన, హాస్టల్లో మందు కథలు. వియ్యాలవారి మధ్య వేళాకోళం మనకు అలవాటే, వియ్యపురాళ్లు పాటలు కట్టి మరీ ఎగతాళి చేసుకునేవాళ్లు. కానీ అది ముఖాముఖి, రెండు వైపులా జవాబు చెప్పగలిగే చోట. మైకు ఒకరి చేతిలోనే ఉంటుంది, అవతలివాళ్లు జవాబు చెప్పలేరు. కాబట్టి సరసం మీ మీదే వేసుకోండి.

ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడేటట్టయితే ఒకరి కాగితం ఒకరు చూసుకోవాలి. ఇద్దరూ చిన్నప్పటి సైకిలు కథే చెప్పడం మామూలుగా జరిగే ప్రమాదం. రెండోవాడు అప్పటికప్పుడు వేరేది వెతుక్కుంటూ ఆరు నిమిషాలు తిరుగుతాడు.

క్రైస్తవ వివాహాల్లో లెక్క వేరు, అక్కడ గడియారానికి చట్టబలం ఉంది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, వివాహం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపలే జరగాలి. నాలుగు గంటల పెళ్లికి పెళ్లికూతురు ఐదింటికి చర్చికి చేరడం కొత్త కాదు. పాటలు, ప్రార్థన, వాక్య పఠనం, ప్రసంగం, ప్రమాణాలు, ఉంగరాలో మంగళసూత్రమో, రిజిస్టరులో సంతకాలు, ఆశీర్వాదం, అన్నీ రెండు గంటల్లో కుదరాలి. ప్రసంగం ఒక్కటే, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అసలు ఇబ్బంది ప్రసంగంతో రాదు. వధువు సంఘ కాపరి, వరుడి సంఘ కాపరి, పొరుగూరి నుంచి వచ్చిన దైవజనులు, అందరికీ ప్రార్థన ఇస్తారు. ఒక్కొక్కరి ప్రార్థన సగంలో ప్రసంగంగా మారుతుంది. ప్రార్థన చేసేవారిని ఆపలేం కదా. అందుకని ప్రసంగించే వారు ఎవరు, ప్రార్థించే వారు ఎవరు, వాక్యం చదివే వారు ఎవరు అన్నది అచ్చులో వేసి ఆరాధన క్రమం ముందురోజే అందరికీ పంపాలి. ఇంకా మిగిలిన పెద్దలకు సాయంత్రం విందులో చోటు ఇవ్వండి, అక్కడ మూడు నిమిషాల లెక్కే.

ఆదర్శ వివాహాలు, ఊళ్లలో దండల పెళ్లిళ్లనేవి, వీటిలో ప్రసంగమే తంతు. మంత్రాలు లేవు కాబట్టి మాటలే ఉండాలి, ఒప్పుకుంటాం. కానీ పదిమంది వక్తలు వరసగా కట్నం గురించీ కులం గురించీ అవే మాటలు చెబుతుంటే, కట్నం తీసుకోకుండా, కులం చూడకుండా అక్కడ కూర్చున్న ఇద్దరికీ ఆ పాఠం ఎందుకో అర్థం కాదు. అధ్యక్షుడికి ఐదు నిమిషాలు, వక్తలు ముగ్గురికి ఐదేసి, వధూవరులకు మూడేసి. అరగంటలోపు సభ ముగుస్తుంది. వక్తలకు తలా ఒక అంశం ముందే పంచండి: ఒకరు అమ్మాయి గురించి, ఒకరు అబ్బాయి గురించి, ఒకరు ఈ పద్ధతి ఎందుకన్నదాని గురించి. వధూవరుల మాటలు అందరికంటే చివర కాకుండా, మధ్యలో, జనం మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి. ప్రమాణాలు, దండలు ఆ వెంటనే.

ఇంకో మాట. దండలూ ప్రసంగాలతో జరిగిన హిందూ వివాహానికి తమిళనాడులో 1967 నాటి సవరణ వల్ల చట్టబద్ధత ఉంది; మన రెండు రాష్ట్రాల్లో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవడం క్షేమం. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముగ్గురు సాక్షులు ఉండాలి. ఆ అధికారి ముందు వధూవరులు ఒకరితో ఒకరు చెప్పాల్సింది, నిన్ను చట్టబద్ధంగా భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానన్న ఒక్క వాక్యమే, తమకు తెలిసిన భాషలో. పది సెకన్లు పట్టదు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ల రిసెప్షన్లలో తండ్రి, తోబుట్టువు, ఇద్దరు స్నేహితులు మాట్లాడటం కార్యక్రమంలోనే ఉంటుంది. అక్కడ హాలు అద్దె సమయం దాటితే అదనపు బిల్లు వస్తుంది కాబట్టి టైము పాటిస్తారు. ఇబ్బంది రెండు భాషలది. ఒక్కో వాక్యం ఇంగ్లిషులో చెప్పి వెంటనే తెలుగులో చెబితే మూడు నిమిషాలు ఆరవుతుంది, రెండు భాషలవాళ్లకూ సగంసేపు విసుగే. రెండు నిమిషాలు ఇంగ్లిషులో చెప్పి, చివరి నిమిషం అమ్మమ్మ, తాతయ్యల వైపు తిరిగి తెలుగులో వేరే సంగతి చెప్పండి. అదే సంగతి మళ్లీ కాదు.

సామాను గురించి కొంచెం. రిసెప్షన్లలో మైకు సెట్టు పాటలవాళ్లదో డీజేదో అయి ఉంటుంది. పాట కోసం పెట్టిన ఎకో అలాగే వదిలేస్తారు. దాంతో మాట మీద మాట పడి, మూడో వరస దాటితే "దంపతులిద్దరూ" కూడా అర్థం కాదు. అర్థం కాకపోయేసరికి మాట్లాడేవాళ్లు గొంతు పెంచుతారు, చెప్పిందే మళ్లీ చెబుతారు, ప్రసంగం పొడుగవుతుంది. ప్రసంగాల ముందు ఎకో పూర్తిగా తీసేయమని ఆపరేటరుకు ఒక మనిషి వెళ్లి చెప్పాలి. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి. జాలీ ఉన్న తలకాయ పట్టుకుంటే మాట ముద్దవుతుంది, కీచుమంటుంది. స్పీకరు బాక్సుల ముందుకు నడిచినా కీచుమంటుంది, వాటి వెనకే నిలబడాలి. కార్డ్‌లెస్ మైకుకు కొత్త బ్యాటరీలు వేయించి, ఇంకో జత జేబులో ఉంచుకోండి. క్రేన్ కెమెరా ఆ పదిహేను నిమిషాలూ కదలకుండా ఉంటే మంచిది. అది తల మీదుగా వస్తుంటే మాట్లాడేవాళ్లు కూడా దాన్నే చూస్తారు. వధూవరులకు కుర్చీలు వేయించండి.

గీత దాటినవాళ్లను ఆపేదెవరు? వ్యాఖ్యాత వల్ల కాదు. డబ్బిచ్చి పిలిపించుకున్న మనిషి ఇంటి పెద్దల చేతిలోంచి మైకు తీసుకోలేడు. ఆ పని ఇంటి మనిషికి అప్పగించాలి. మేనమామో, బాబాయో, అందరితో చనువుగా ఉండే ఒకరు. రెండున్నర నిమిషాలకు ఆయన లేచి వేదిక పక్కన, మాట్లాడేవారికి కనిపించేలా నిలబడతారు. మూడు దాటాక మొదటి దీవెన మాట వినగానే చప్పట్లు మొదలుపెడతారు, హాలు అందుకుంటుంది. నాలుగు దాటితే సన్నాయివాళ్లకు కనుసైగ. గట్టిమేళం మోగుతుంటే మాట్లాడేవాళ్లు మన దేశంలో లేరు. వచ్చిన ప్రజాప్రతినిధికి మైకు ఇవ్వాలా అన్న ప్రశ్నకు మా జవాబు: అక్షతలు ఇవ్వండి, పూలగుత్తి ఇవ్వండి, ఫొటో ఇవ్వండి. ఆ రాత్రి ఆయనకు ఇంకో నాలుగు పెళ్లిళ్లు ఉంటాయి, మైకు ఇవ్వనందుకు ఏమీ అనుకోరు. ఇస్తే మాత్రం కాదనరు.

మాట్లాడమని పిలిచేటప్పుడు పదిరోజుల ముందే ఫోన్ చేసి చెప్పి, ఆ తర్వాత ఈ నాలుగు వాక్యాలూ మెసేజీగా పంపండి. పెద్దవాళ్లకు కూడా పంపవచ్చు, ఎవరూ నొచ్చుకోరు:

"బాబాయిగారూ, రిసెప్షన్‌లో మా తరఫున మీరు మాట్లాడాలి. ఏడు గంటల నలభైకి, మొదట మీరే, మూడు నిమిషాలు. ఏడున్నరకల్లా వేదికకు ఎడమవైపు మొదటి కుర్చీలో కూర్చోండి. మీ తర్వాత పెద్ద మేనమామగారు మాట్లాడతారు, మైకు ఆయన చేతికే ఇవ్వండి."

ఇట్లు,
వివాహ వేదికల వ్యాఖ్యాతలు కొందరు,
తెనాలి.